చెన్నై నుంచి ప్రపంచ స్థాయి పరిశోధనకు: తెలుగు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చెన్నైలో చాలా ఏళ్లుగా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. నెల్లూరు, తిరుపతి, కడప, ఒంగోలు వైపు నుంచి చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లలు ఆదివారాల్లో వచ్చి కలుస్తుంటారు. తరమణిలో చదివేవాళ్లయినా, గిండీలో చదివేవాళ్లయినా, మెరీనా ఎదురుగా ఉన్న క్యాంపస్‌వాళ్లయినా అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్నిటికి నాలుగు మాటలు చాలు.

గ్లోబల్ స్కాలర్ అంటే విదేశాల్లో చదివినవాళ్లేనా?

కాదు. మీరు చేసిన పనిని ఇంకో దేశంలో ఎవరో చదివి, సరిచూసుకుని, కావాలంటే మీతో వాదించి, దాని మీద తమ పని కట్టుకోగలిగితే మీరు ఆ కోవలోకి వచ్చినట్టే. దానికీ పాస్‌పోర్టులో ముద్రలకూ సంబంధం లేదు.

సి.ఆర్. రావు గారి సంగతే చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లారు. 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపర్ వేశారు. ఇవాళ స్టాటిస్టిక్స్ విద్యార్థి ఏ దేశంలో ఉన్నా చదవక తప్పని క్రామెర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం ఆ పేపర్‌లోవే. అప్పటికి ఆయన కేంబ్రిడ్జ్ ముఖం చూడలేదు. 2023లో, 102 ఏళ్ల వయసులో ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించినప్పుడు కూడా ఆ 1945 పేపర్‌నే ముందు చెప్పారు.

1946లో ఆయన కేంబ్రిడ్జ్ వెళ్లిన తీరు కూడా తెలుసుకోవాలి. పీహెచ్‌డీ సీటు కోసం వెళ్లలేదు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన పాతకాలపు ఎముకల కొలతలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. వాటిని విశ్లేషించే పద్ధతి కలకత్తాలో స్టాటిస్టిక్స్ నిపుణుడు మహలనోబిస్ దగ్గర పనిచేసిన రావు గారికి తెలుసు. అందుకని పిలిచారు. స్టాటిస్టిక్స్‌లో పెద్దపేరున్న ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ ఆ పనితోపాటు జరిగింది. నా దగ్గరకు వచ్చే పిల్లలు మొదట 'ఏ దేశం మంచిది సార్?' అని అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఇంకొకరికి పనికొచ్చే ఏ పని నీ చేతిలో ఉంది? ఒక ప్రయోగం చక్కగా చేయడం, ఒక రకం డేటా శుభ్రం చేయడం, గొలుసుకట్టు చేతిరాత చదవగలగడం, ఏదైనా సరే. ముందు అది సంపాదించండి.

నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇంగ్లీషు రాదని టెన్షన్. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడగని బ్యాచ్ లేదు. నిజంగా బాధపడుతూ అడుగుతారు కాబట్టి వివరంగా చెబుతాను.

మొదటి సంగతి, పరిశోధన ఇంగ్లీషు చాలా చిన్న ఇంగ్లీషు. మీ సబ్జెక్టులో మళ్లీ మళ్లీ వచ్చే క్రియలు, వాక్యాల తీరు కొన్నే ఉంటాయి. మీ రంగంలో బాగా రాసిన ఒక పేపర్ తీసుకోండి. రోజుకు ఒక పేరా చేత్తో ఎత్తి రాయండి. ఏ మాట దగ్గర రచయిత గట్టిగా చెప్పాడు, ఏ మాట దగ్గర తగ్గి చెప్పాడు అన్నది పక్కన గుర్తు పెట్టుకోండి. మూడు నెలలు చేస్తే మీ సొంత వాక్యాల్లో తేడా కనిపిస్తుంది. అక్కడి వాక్యాలను తెచ్చి మీ పేపర్‌లో పెట్టుకోవడానికి ఈ అభ్యాసం చేయమనడం లేదు. ఆ పని చేస్తే దొంగతనమే అవుతుంది.

రెండోది, మీ పనిని ముందు తెలుగులో ఐదు నిమిషాలు చెప్పండి. రూమ్మేట్‌కి చెప్పండి, ఫోన్లో అమ్మకి చెప్పండి. తెలుగులో కూడా తడబడుతుంటే లోపం ఇంగ్లీషులో లేదు, విషయం ఇంకా మీకే తేటపడలేదు. తెలుగులో సాఫీగా వచ్చాక అదే మాట మీ తమిళ ల్యాబ్‌మేట్‌కి ఇంగ్లీషులో చెప్పండి. ఇద్దరికీ అది సొంత భాష కాదు కాబట్టి ఇద్దరూ నింపాదిగా మాట్లాడతారు, అర్థం కాకపోతే మొహమాటం లేకుండా ఆపుతారు. చెన్నైలో చదవడం వల్ల మీకు దొరికిన మంచి అవకాశాల్లో ఇదొకటి. యాస మార్చుకోవాల్సిన అవసరం లేదు, వేగం తగ్గిస్తే చాలు.

మూడోది, అసలు అడ్డంకి ఇంగ్లీషు కంటే పెద్దది. సెమినార్‌లో మనవాళ్లు వెనక వరసలో కూర్చుంటారు. ప్రశ్న ఉన్నా అడగరు. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పినట్టు ఉంటుందేమోనన్న భయం చిన్నప్పటి నుంచి ఒంటబట్టింది. పరిశోధనలో మాత్రం ప్రశ్న అడగడమే గౌరవం. ఎదుటివాళ్లు చెప్పింది మీరు శ్రద్ధగా విన్నారని వాళ్లకు తెలిసేది అప్పుడే. ప్రతి సెమినార్‌కూ ఒక ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్లండి. 'మీ రెండో గ్రాఫ్‌లో ఆ చివరి చుక్క ఎందుకు పక్కకు పోయింది?' లాంటి చిన్న ప్రశ్న చాలు. ముందు వరసలో కూర్చోండి. మొదటిసారి గొంతు వణుకుతుంది, ఐదోసారికి వణకదు. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి రెండేళ్లు నోరు విప్పలేదు. మూడో ఏడు ఒక చిన్న ప్రశ్న అడిగింది. వచ్చిన వక్త టీ సమయంలో తనే వెతుక్కుంటూ వచ్చి ఆమెతో అరగంట మాట్లాడారు.

పేపర్ మీద నా పేరు ఎలా రాసుకోవాలి?

చిన్న విషయమని తీసిపారేయకండి. తెలుగువాళ్లకు ఇది పెద్ద చిక్కు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఆ తర్వాత రెండు మూడు మాటల పేరు. ఇక్కడ తమిళనాడులో పేరు ముందు ఉండే అక్షరం సాధారణంగా తండ్రి పేరు. మీ ఇంటిపేరును కూడా ఆఫీసులో తండ్రి పేరే అనుకుంటారు. విదేశీ జర్నల్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. చివరికి ఒకే మనిషి సర్టిఫికెట్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా, పేపర్‌లో ఇంకోలా ఉంటాడు.

మొదటి పేపర్‌కు ముందే ఒక రూపం ఖాయం చేసుకుని ఇక మార్చకండి. వీలైతే అది పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసా మీద పేరు స్థానంలో 'పేరు తెలియదు' అని అర్థం వచ్చే మూడక్షరాలు పడతాయి. అక్కడ బ్యాంకు ఖాతా దగ్గర నుంచి లైసెన్సు దాకా అదే వెంటాడుతుంది. పాస్‌పోర్టు ఇంకా తీసుకోనివాళ్లు ఇప్పుడే సరిచూసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలా అని అమ్మాయిలు అడుగుతారు. పేపర్ల మీద మార్చవద్దనే నా సలహా.

ఆ రోజే ఓర్సిడ్ (ORCID) అనే పరిశోధకుల గుర్తింపు నంబరు కూడా తీసుకోండి. 2012లో మొదలైన పద్ధతి ఇది. ఉచితం, 16 అంకెలు. ఒకే పేరున్న వెంకటరమణలు పదిమంది ఉన్నా ఏ పేపర్ ఎవరిదో ఆ నంబరు చెబుతుంది.

పేపర్లు చదవాలంటే డబ్బు కట్టమంటున్నాయి. దారేంటి?

మీది ప్రభుత్వ సంస్థ అయితే ముందు మీ లైబ్రేరియన్‌ని 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' గురించి అడగండి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పథకం అది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 జర్నల్స్‌ను ప్రభుత్వ విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి తెచ్చారు. 2025 జనవరి నుంచి నడుస్తోంది. తమకు ఆ సదుపాయం ఉందని తెలియక పేపర్ల కోసం స్నేహితులను బతిమాలే పిల్లలను నేను చూస్తూనే ఉన్నాను.

ప్రైవేటు కాలేజీవాళ్లు నిరాశపడక్కర్లేదు. భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్స్‌లో చాలా పేపర్లు ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1991 నుంచి నడుస్తున్న భాండాగారం అది. మన దేశపు థీసిస్‌లు శోధ్‌గంగలో ఉంటాయి. ఇవేవీ కుదరకపోతే రచయితకే రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. తన పేపర్ ఎవరో చదవాలనుకుంటున్నారంటే సంతోషపడని రచయిత అరుదు.

విదేశీ ప్రొఫెసర్లకు వంద మెయిల్స్ పెట్టాను. ఒక్క జవాబూ రాలేదు. ఎందుకు?

వందమందికీ ఒకే మెయిల్ వెళ్లింది కాబట్టి. 'మీ విశిష్టమైన పరిశోధన నన్ను ఆకట్టుకుంది' అన్న వాక్యం వాళ్లకు రోజూ వస్తుంది. మీరు వాళ్ల పేపర్ తెరవలేదని ఆ వాక్యమే చెబుతుంది.

ఈ ఊళ్లోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తాగా పనిచేస్తున్న రామానుజన్ 1913 జనవరి 16న కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీకి ఉత్తరం రాశారు. తానెవరో, జీతమెంతో రెండు ముక్కల్లో చెప్పేశారు. తర్వాత హార్డీ రాసినదాన్నే పట్టుకుని, అందులో మీరు లేదన్న సూత్రం నా దగ్గర ఉంది అన్నారు. దానికి తోడు పేజీల కొద్దీ ఫలితాలు జతచేశారు. అంతకుముందు ఆయన ఉత్తరాలు రాసిన ఇతర కేంబ్రిడ్జ్ గణితవేత్తల నుంచి ఏ సాయమూ అందలేదు. అంతటి మనిషికే అలా జరిగిందని గుర్తుంచుకుంటే మీకు జవాబు రాని మెయిల్స్ అంతగా గుచ్చుకోవు. హార్డీ జవాబులో ఏం అడిగారో కూడా చూడండి: రుజువులు పంపమన్నారు. మెయిల్‌కు జవాబు వచ్చాక చూపించడానికి మీ దగ్గర పని సిద్ధంగా ఉండాలి.

కాబట్టి ఐదుగురిని ఎంచుకోండి. ఒక్కొక్కరివి రెండేసి పేపర్లు పూర్తిగా చదవండి. మెయిల్ పదిహేను లైన్లు దాటకూడదు. మీరెవరో ఒక వాక్యం, వాళ్ల పేపర్‌లో మీకు తట్టిన ఒక నిర్దిష్టమైన ప్రశ్న, దానికి సంబంధించి మీరు చేసిన పని, మీరు అడుగుతున్నది ఏమిటి. సీటు, ఫండింగ్ మాట మొదటి మెయిల్‌లో వద్దు. 'రెస్పెక్టెడ్ సార్' అని మొదలుపెట్టకండి. ఆ ప్రొఫెసర్ ఆడమనిషి కావచ్చు. ఇంటిపేరుతో 'డియర్ ప్రొఫెసర్' అనండి చాలు. రెండు వారాలు ఆగి ఒకే ఒక్కసారి గుర్తుచేయండి.

ఇంకో దారి ఉంది, మనవాళ్లు దాన్ని అస్సలు వాడుకోరు. విదేశాల నుంచి ఉపన్యాసాలకు ఇక్కడికే వచ్చేవాళ్లను కలవడం. 1914 మొదట్లో నెవిల్ అనే కేంబ్రిడ్జ్ గణితవేత్త మద్రాసు విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలకు వచ్చి రామానుజన్‌ను స్వయంగా కలిసి, ఇంగ్లండ్ రమ్మని ఒప్పించారు. 1950ల చివర్లో భౌతికశాస్త్రవేత్త అల్లాడి రామకృష్ణన్ గారు మైలాపూర్‌లోని తమ ఇంట్లోనే విద్యార్థులను కూర్చోబెట్టి, ఊరికి వచ్చిన విదేశీ శాస్త్రవేత్తలతో ఉపన్యాసాలు చెప్పించేవారు. నీల్స్ బోర్ కూడా ఆ విద్యార్థులను చూసి మెచ్చుకున్నారు. ఆ ఇంటి సెమినార్ల నుంచే 1962 జనవరిలో మ్యాట్‌సైన్స్ పుట్టింది. తరమణిలో ఉన్న గణితశాస్త్ర సంస్థ అదే. ఆ సంస్థలో, ఐఐటీలో, సిరుసేరిలోని గణిత సంస్థలో వారం వారం సెమినార్లు జరుగుతూనే ఉంటాయి. బయటి విద్యార్థులను రానిస్తారా అని అడిగి వెళ్లండి. అక్కడ టీ తాగుతూ మాట్లాడే పది నిమిషాలు ఇరవై మెయిల్స్‌కు సమానం.

ఇండియన్ జర్నల్‌లో వేస్తే విలువ ఉండదా? డబ్బు తీసుకుని వారంలో వేస్తామంటున్నారు, వేయవచ్చా?

మొదటి ప్రశ్నకు సి.ఆర్. రావు గారి 1945 పేపరే జవాబు. జర్నల్ ఏ దేశానిది అన్నదానికంటే అందులో రివ్యూ నిజంగా జరుగుతుందా, మీ రంగంవాళ్లు దాన్ని చదువుతారా అన్నది చూడాలి.

రెండో ప్రశ్నకు: వేయవద్దు. ఇది నేను అనుభవించి చెబుతున్నాను. చదువుకునే రోజుల్లో త్వరగా ఒక పేపర్ కావాలన్న తొందరలో ఒక జర్నల్‌కు మూడు వేలు కట్టాను. అప్పట్లో నాకు అది చాలా పెద్ద మొత్తం. నాలుగో రోజున అంగీకరించామని మెయిల్ వచ్చింది. రివ్యూయర్ల మాట ఒక్కటీ లేదు. పేపర్‌లో ఒక పట్టికలో తప్పు ఉందని నాకే తర్వాత తెలిసింది, దిద్దమని రాస్తే బదులు లేదు. కొన్నేళ్లకు ఆ వెబ్‌సైట్ కూడా మాయమైంది. ఆ పేపర్‌ను ఇప్పటికీ నా జాబితాలో చెప్పుకోలేను. మంచి డేటా, ఆరు నెలల పని, అందులో పోయింది.

అప్పట్లో తొందరకు కారణం నిబంధనలు. ఇప్పుడు ఆ ఒత్తిడి కొంత తగ్గింది. 2022 యూజీసీ నిబంధనల్లో థీసిస్ సమర్పించే ముందు పేపర్ వేసి తీరాలన్న షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ సొంతంగా ఆ షరతు పెట్టుకుని ఉండవచ్చు కాబట్టి ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. మంచి జర్నల్స్ ఇవీ అని యూజీసీ ఇచ్చే కేర్ జాబితాను కూడా 2025లో ఆపేశారు. 'జాబితాలో ఉంది కాబట్టి మంచిదే' అనే మాట ఇక చెల్లదు, మీరే చూసుకోవాలి. సంపాదక వర్గంలో ఉన్నవాళ్లలో ఇద్దరి పేర్లు వెతకండి, వాళ్లు నిజంగా ఆ రంగంవాళ్లేనా చూడండి. మీ పేపర్‌లో మీరు ఎక్కువగా ఉటంకించిన పేపర్లు ఎక్కడ అచ్చయ్యాయో రాసుకోండి. మీ పేపర్ వెళ్లాల్సిన చోటు దాదాపు ఆ జాబితాలోనే ఉంటుంది.

రిజెక్ట్ అయితే రివ్యూయర్ మాటలు ఆ రోజు చదివి పక్కన పెట్టండి. మూడు రోజులాగి మళ్లీ చదవండి. మొదటిరోజు అవమానంలా కనిపించిన వాక్యం నాలుగోరోజు ఉచితంగా దొరికిన సలహాలా కనిపిస్తుంది.

బయట కాన్ఫరెన్స్‌కు ఎంపికయ్యాను. డబ్బు ఎక్కడిది?

ఇంట్లో అప్పు చేయించకండి. ముందు కాన్ఫరెన్స్ నిర్వాహకులనే అడగండి. మన దేశ విద్యార్థులకు రుసుము తగ్గించడం, బస ఇవ్వడం మామూలే. తర్వాత మీ సంస్థ ట్రావెల్ గ్రాంటు, మీ ఫెలోషిప్‌లో చిల్లర ఖర్చులకు ఇచ్చే కంటింజెన్సీ, కేంద్ర శాస్త్ర సంస్థల ట్రావెల్ సపోర్టు, మీ రంగపు ప్రొఫెషనల్ సొసైటీ. వీటికి నెలల ముందే దరఖాస్తు వేయాలి. అంగీకార పత్రం వచ్చిన రోజే మొదలుపెట్టండి.

భౌతికశాస్త్రం, గణితం పిల్లలు ఇటలీలోని ట్రియెస్ట్‌లో ఉన్న ఐసీటీపీని తప్పక చూడాలి. 1964లో అబ్దుస్ సలాం స్థాపించారు. మనలాంటి దేశాల నుంచి వచ్చేవాళ్లు తమ దేశంలో ఉంటూనే ప్రపంచంతో కలిసి పనిచేయాలన్నదే ఆయన ఉద్దేశం. అక్కడి వేసవి పాఠశాలల్లో ఎంపికైన చాలామందికి ఖర్చులు వాళ్లే భరిస్తారు.

ఇక్కడ పీహెచ్‌డీ చేస్తూనే కొన్నాళ్లు బయట పనిచేసి రావచ్చా?

రావచ్చు. చాలామందికి ఇదే సరైన దారి అని నా అభిప్రాయం. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ మీద ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో పనిచేయవచ్చు, ఇక్కడి సంస్థలో పీహెచ్‌డీకి నమోదై ఉండాలి. జర్మనీకి డాడ్ (DAAD) అనే అక్కడి సంస్థ ఇచ్చే గ్రాంట్లు, ఫ్రాన్స్‌కు రామన్-షార్పాక్ ఫెలోషిప్ ఉన్నాయి. ఫుల్‌బ్రైట్ మీద వెళ్లేది జే-1 వీసా. తిరిగి వచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నియమం దానికి ఉంటుంది. అక్కడే ఉద్యోగం చూసుకుందామనుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

దరఖాస్తుల్లో మనవాళ్లు తప్పేది ఒక్కచోటే. 'అక్కడ అధునాతన పరికరాలున్నాయి, ప్రపంచ ప్రసిద్ధ ప్రొఫెసర్లున్నారు' అని రాస్తారు. ఆ తొమ్మిది నెలల్లో ఏ నెల ఏం చేస్తారు, ఆ పని చెన్నైలో ఎందుకు కుదరదు, తిరిగి వచ్చాక మీ థీసిస్‌లో ఏ అధ్యాయం అవుతుంది అని రాయాలి. ప్రయత్నం ఏడాదిన్నర ముందు మొదలుపెట్టండి.

మా గైడ్ ఒప్పుకోవడం లేదు.

నన్ను చాలాసేపు ఆలోచింపజేసే ప్రశ్న ఇది. నేనూ గైడ్‌నే.

కొందరు గైడ్లు విద్యార్థి వెళితే పని ఆగిపోతుందని భయపడతారు. కొందరికి తమకు చెప్పకుండా బయటివాళ్లతో మాట్లాడారని నొప్పి కలుగుతుంది. ఆ రెండో రకం నొప్పి రాకుండా చూసుకోవడం మీ చేతిలోనే ఉంది. మొదటి మెయిల్ పెట్టే ముందే చెప్పండి. 'వెళ్లనా?' అని అడిగితే 'వద్దు' అనడం సులువు. ఒక కాగితం మీద ప్రణాళిక రాసి తీసుకెళ్లండి: ఇక్కడి పని ఏది ఎప్పటికి పూర్తవుతుంది, అక్కడ ఏం నేర్చుకుంటారు, తిరిగి వచ్చి ల్యాబ్‌లో ఎవరికి నేర్పుతారు, పేపర్‌లో పేర్లు ఎలా ఉంటాయి. డాక్టోరల్ కమిటీ మీటింగ్‌లో కూడా ఆ మాట ప్రస్తావనకు వచ్చేలా చూడండి, మినిట్స్‌లో నమోదవుతుంది.

అయినా కారణం లేకుండా అడ్డుపడుతుంటే, లేక ఇంటిపనులు చేయించడం, చేయనివాళ్ల పేర్లు పేపర్‌లో పెట్టమనడం లాంటివి జరుగుతుంటే కమిటీలో మీరు నమ్మే ఒక సభ్యుడికి చెప్పండి. తేదీలతో సహా రాసి పెట్టుకోండి. గురువును గౌరవించడమంటే అన్యాయాన్ని భరించడం అని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

నాది తెలుగు సాహిత్యం, చరిత్ర. ప్రపంచానికి నా సబ్జెక్టుతో పనేముంది?

ఉంది. పైగా మీరు కూర్చున్న ఊరు చిన్నది కాదు. 1953 అక్టోబరు వరకు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ఆ జిల్లాల పాత ప్రభుత్వ రికార్డులు ఎన్నో ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ మెకంజీ సేకరణలు, బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులు ఉన్నాయి. మెకంజీకి ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలు, సేకరించి పెట్టినవాళ్లలో కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు ముఖ్యులు. మన ఊళ్ల చెరువులు, గుళ్లు, తగాదాలు, కులవృత్తులు అన్నీ వాటిలో ఉన్నాయి. వాటిని మూలంలో చదవగలిగినవాళ్లు ప్రపంచంలో కొద్దిమందే. మీకు పుట్టుకతో ఆ భాష వచ్చు. కాస్త పాత లిపి, కాస్త గొలుసుకట్టు నేర్చుకుంటే మీరు చేయగల పని విదేశాల్లో పెద్ద పెద్ద ఆచార్యులకు కూడా సాధ్యం కాదు.

తరమణిలోని రోజా ముత్తయ్య లైబ్రరీ చూసి రండి. చెట్టినాడులో ఒక మనిషి ఇష్టంతో పోగుచేసిన తమిళ పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు అవి. 1994లో షికాగో విశ్వవిద్యాలయం సాయంతో ఆ సేకరణ లైబ్రరీ అయింది. తమిళ సమాజం గురించి రాసే విదేశీ పరిశోధకులు అక్కడికి వెతుక్కుంటూ వస్తారు. అలా వచ్చినవాళ్లతో ఒక బల్ల దగ్గర కూర్చునే అవకాశం మీకు బస్సు దూరంలో ఉంది.

ఒక జాగ్రత్త. మన విషయాన్ని 'మనకు తెలిసిందే కదా' అన్న ధోరణిలో రాయకండి. కరణం అంటే ఎవరో, మాన్యం అంటే ఏమిటో తెలియని పాఠకుడికి చెబుతున్నట్టు రాయండి. పొగడ్త తగ్గించి ఆధారం పెంచండి.

ఏఐ టూల్స్ వాడొచ్చా?

వ్యాకరణం దిద్దుకోవడానికి, కోడ్‌లో తప్పు వెతకడానికి వాడండి, వాడినట్టు జర్నల్ అడిగిన చోట చెప్పండి. పేపర్ల జాబితా మాత్రం దాన్ని అడగకండి. లేని పేపర్లను ఉన్నట్టు చూపిస్తుంది. మీరు తెరిచి చదవని పేపర్‌ను ఎప్పుడూ ఉటంకించవద్దు.

ఇంట్లో పెళ్లి, ఉద్యోగం అంటున్నారు. ఎలా నెగ్గుకురావాలి?

అమ్మానాన్నలకు కోపం కంటే అయోమయం ఎక్కువ. పక్కింటి అబ్బాయి బీటెక్ చేసి ఓఎంఆర్ రోడ్డులోని ఐటీ కంపెనీలో ఉద్యోగం చేస్తుంటే మీరు ఇరవయ్యేడేళ్లకూ 'చదువుతున్నాను' అంటున్నారు. ఒకసారి వాళ్లను చెన్నై తీసుకురండి. మీ ల్యాబ్, మీ టేబుల్, మీ పేరున్న పోస్టర్ చూపించండి. యూజీసీ, సీఎస్ఐఆర్ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు అని లెక్క చెప్పండి. ఆ డబ్బు కొన్నిసార్లు నెలల తరబడి ఆలస్యమవుతుంది కాబట్టి మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి.

అమ్మాయిలకు ఒక మాట. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గరిష్ఠ గడువులో మహిళలకు రెండేళ్ల సడలింపు ఉంది, ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఇవ్వవచ్చు. పెళ్లి మాటలప్పుడే 'థీసిస్ పూర్తి చేస్తాను, ఆరు నెలలు బయటికి వెళ్లాల్సి రావచ్చు' అని అబ్బాయికే నేరుగా చెప్పండి. పెద్దల ద్వారా చెప్పిస్తే మధ్యలో మాట పలచబడుతుంది.

వీసా ఇంటర్వ్యూకి ఏం చదువుకుని వెళ్లాలి?

బట్టీ పట్టవద్దు. మీ పరిశోధనను సైన్స్ తెలియనివాళ్లకు రెండు వాక్యాల్లో చెప్పగలగాలి, ఖర్చు ఎవరు పెడుతున్నారో కాగితం చూపించగలగాలి. అమెరికా వీసాకైతే వేలిముద్రలు ఒకచోట, ఇంటర్వ్యూ అన్నా సాలైలో జెమినీ ఫ్లైఓవర్ దగ్గరి కాన్సులేట్‌లో. రెండూ ఒకచోటే అనుకుని పరుగులు పెట్టినవాళ్లున్నారు. జర్మనీలో చదువుకు వెళ్లేవాళ్లకు 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనని సరిచూసి ఇచ్చేది) అడుగుతున్నారు, అది రావడానికి సమయం పడుతుంది.

మీకు నా అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) చూపించవచ్చా?

తప్పకుండా. ఆదివారం పొద్దున కొట్టూర్పురం లైబ్రరీ ముందు ఉంటాను. ఫోన్లో చూపించకండి, ఒక పేజీ ప్రింటు తీసుకురండి, లైన్ల మధ్య జాగా వదలండి. నేను చదివేలోపు మీరు పక్కన కూర్చున్న ఇంకొకరి పేజీ చదవండి. అర్థంకాని ప్రతి మాట కింద పెన్సిల్‌తో గీత పెట్టి వాళ్లకు ఇవ్వండి. వాళ్ల సబ్జెక్టు మీకు తెలియకపోతే మరీ మంచిది.